పాత పెళ్లి, కొత్త సాఫ్ట్‌వేర్

మా ఆయన ఫోటోలు తీస్తాడు, నేను వాటిని దిద్దుతాను. కాశీబుగ్గలో స్టూడియో పెట్టినప్పటి నుంచీ ఇదే పద్ధతి. పెళ్లిళ్లలో విందులు, మర్యాదలు ఆయనకి. వెనక గదిలో కంప్యూటర్ ముందు నడుంనొప్పి నాకు. అయినా ఆ పనంటే నాకు ప్రాణం. పొద్దున్నే ఇంటిపని తెమిల్చుకుని, టీ గ్లాసు పక్కన పెట్టుకుని కూర్చున్నానంటే ఇక లోకంతో పనిలేదు.

మొన్న వేసవిలో ఆ కంప్యూటర్ కాస్తా చచ్చి ఊరుకుంది. కొత్తది తెచ్చాం. ఏళ్ల తరబడి నేను వాడిన సాఫ్ట్‌వేర్ దాంట్లోకి ఎక్కనని మొండికేసింది. "ఇంకోటి నేర్సుకో, అదేటి బ్రహ్మవిద్దా?" అన్నాడు మా ఆయన. చెప్పేవాడికేం, చేసేవాళ్లకి తెలుస్తుంది. అలవాటుగా వేలు వెళ్లి ఒకటి నొక్కితే ఇంకోటి జరిగేది. అత్తారింటి వంటగదిలో ఉప్పు డబ్బా వెతుక్కునే కొత్త కోడలి పాట్లు పడ్డాను.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. మేం రా ఫైళ్లు తీస్తాం. రా ఫైలంటే మా ఊరి జీడిపిక్క లాంటిది. కెమెరా చూసిందంతా అందులో ఉంటుంది. దాన్ని ఒలిచి, పప్పు చేసి జనానికి ఇవ్వాల్సింది నేను. నేనెంత దిద్దినా అసలు ఫైలు చెక్కుచెదరదు. ఎక్కడ కత్తిరించానో, ఎక్కడ వెలుగు పెంచానో సాఫ్ట్‌వేర్ విడిగా గుర్తుపెట్టుకుంటుంది. పాతది గుర్తుపెట్టుకున్నవేవీ కొత్తదానికి అర్థం కాలేదు. హార్డ్ డిస్క్ పెట్టి తెరిస్తే, నేను దిద్దిన పెళ్లిళ్లన్నీ మొహం కడగని పిల్లల్లా కనిపించాయి.

"నా సాకిరంతా గంగలో కలిపీసినావు గదా బావా!"

"నానేటి సేసినానే? పిక్కలున్నాయి గదా, మళ్ళీ ఒలుసుకో."

ఒలుసుకోవాలట! ఆ పూట ఆయనకి అన్నం విసురుగానే వడ్డించాను. పాత పెళ్లిళ్ల జోలికి ఇక పోనని ఒట్టు కూడా పెట్టుకున్నాను.

సరిగ్గా ఆ కోపంలో ఉండగానే తల్లీకూతుళ్లు వచ్చారు. పూండి దగ్గర పల్లె వాళ్లది. కూతురి పెళ్లికి మేమే ఫోటోలు తీశాం. తల్లి జీడి ఫ్యాక్టరీలో పప్పు ఒలుస్తుంది. పిల్ల చిన్నప్పుడే భర్త పోతే, ఆ పనితోనే పెంచి పెళ్లి చేసింది.

"మా అమ్మ ఉన్న ఫోటో ఒకటి కావాలక్కా, పెళ్లినాటిది," అంది కూతురు. "ఇల్లు కట్టుకున్నాం. గోడ మీద మా అత్తోరంతా ఉన్నారు. కన్యాదానం సేసిన సిన్నాన్నా పిన్నీ ఉన్నారు. అమ్మొక్కర్తే నేదు."

"నాకెందుకమ్మా ఫోటోలు, ఊరుకో," అంటోంది తల్లి.

భర్త పోయిన ఆడది పెళ్లిపీటల దగ్గరికి రాకూడదంటారు. ఎవరు పెట్టారో గానీ ఈ రివాజు, వాళ్ల నోట్లో మన్ను పడ! కన్నతల్లే పరాయిదైపోయింది. వాళ్లు వెంట తెచ్చిన ఆల్బమ్‌లో మేమిచ్చిన ఫోటోలన్నీ తిరగేశాను. ఒక్కదాంట్లోనూ ఆమె లేదు.

"ఇప్పుడొకటి తీసి పెళ్లి ఫోటోలో అతికించీద్దుం. ఎవులికీ తెలీదు," అన్నాడు మా ఆయన. మంచి మనసుతోనే అన్నాడు. అలాంటివి మాకు మామూలే.

పిల్ల మొహం చిన్నబోయింది. "అతికించింది వద్దన్నయ్యా. ఆ రోజు మా అమ్మ ఉన్నాది. ఉన్నదే కావాల. నేకపోతే ఎల్లిపోతాం."

ఇక ఒట్టు తీసి గట్టున పెట్టాను. ఆ పెళ్లి రా ఫైళ్లు తెరిచాను. నా కత్తిరింపులన్నీ పోయాయి కాబట్టి ప్రతి ఫోటో అంచుల దాకా కనిపిస్తోంది. కూలర్లు, ప్లాస్టిక్ కుర్చీలు, ఎవరిదో సగం చెయ్యి, ఎవరిదో వీపు. చెత్త అని నేను కోసేసిందంతా తిరిగొచ్చింది. ఒక్కొక్కటీ జరుపుతూ పోయాం. ఎక్కడా లేదు. "సాలమ్మా, బస్సు ఎల్లిపోద్ది," అని తల్లి లేచి నిలబడింది. కూతురు కదల్లేదు.

తాళి కడుతున్న ఫోటో వచ్చింది. ఎడమ అంచున పందిరి గుంజ, దాని వెనకంతా చీకటి. ఆ చీకట్లో చీర అంచు ఏదో ఉన్నట్టు అనిపించింది. కొత్త సాఫ్ట్‌వేర్‌లో నీడల్ని వెలిగించే మీట ఎక్కడుందో తడుముకుని, మెల్లగా పైకి జరిపాను. చీకటి పలచబడింది. బూడిదరంగు చీర కనిపించింది, తర్వాత మెడ, తర్వాత మొహం. గుంజ వెనకనుంచి చెయ్యి బయటికి చాచి ఉంది. ఆ చేతి ముందు గాల్లో అక్షింతలు! నోరంతా తెరిచి నవ్వుతోంది ఆ తల్లి, చెంపలు మాత్రం తడిగా ఉన్నాయి.

నాకు ఏడుపు ఆగలేదు. మా ఆయన ఇంకో కుర్చీ తెచ్చి ఆమెను కూర్చోబెట్టాడు.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో, దొరికిపోనాను! ఎవులూ సూడనేదనుకున్నాను."

"నువ్వూ ఏసినావా అమ్మా?" అంది కూతురు. "గదిలో కూకున్నావని సెప్పినారు గదా అందరూ."

"ఏయకుండా ఎలాగుంటాను తల్లీ!" అంటూ ఆమె ముందుకు వంగి, తెర మీద పీటల చుట్టూ నిలబడ్డ చుట్టాల్ని వేలితో చూపించింది. "సూడు, ఇంకా ఎవులూ సెయ్యెత్తనేదు. నీ మీద ముందు పడినవి నావే."