టిప్పర్ డ్రైవరుకు లేడీస్ సైకిలు

కరోనా వెనకపట్టిన మరుసటి ఏడు, వానలు మొదలవడానికి ముందు, నన్ను హిందీ మాట్లాడే ఉక్కు ఫ్యాక్టరీ ఊళ్ళో ఖుర్సీపార్ యార్డుకు ట్రాఫిక్ ఇన్‌చార్జిగా వేశారు. మాది స్లాగు మోసే ప్రైవేటు రవాణా కంపెనీ. ఇనుము కరిగినప్పుడు కొలిమిలో పైకి తేలే మడ్డినే స్లాగు అంటారు. అది చల్లారితే రాయి. దాన్ని టిప్పర్లలో నింపి క్రషరు దగ్గర పారబోసి రావడం మా వ్యాపారం. ట్రాఫిక్ ఇన్‌చార్జి హోదా సూపర్‌వైజరుకు పైన, మేనేజరుకు కింద ఉంటుంది. అంటే అటు డ్రైవర్లకూ ఇటు కంపెనీ యజమాని సేఠ్‌కూ తిట్టడానికి సరిగ్గా అందే ఎత్తు.

నేను చదివింది పదో తరగతి. టైర్ల స్టోరులో పనిచేసిన రోజుల్లో, రోడ్డు మీద పడిన టైరు మార్కు పొడవును బట్టి బండి వేగం కట్టడం సొంతంగా నేర్చుకున్నాను. లెక్క పెద్ద కష్టం కాదు. వేగం రెట్టింపైతే, బ్రేకు పట్టాక బండి ఆగడానికి కావలసిన దూరం నాలుగు రెట్లవుతుంది. రోడ్డు తడిగా ఉంటే ఇంకా పెరుగుతుంది. ఈ సంగతి డ్రైవర్లెవరికీ నచ్చదు. నా సర్వీసులో నేను విచారించిన ప్రతివాడూ "ఇరవై స్పీడే సార్" అన్నవాడే. ఆ మాటలు నమ్మితే ప్రపంచంలో ఇరవై కన్నా ప్రమాదకరమైన వేగం లేదు.

వీళ్ళలో గణేష్ అనేవాణ్ణి అందరూ రాకెట్ అనేవారు. తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాడు, వీడు ఖుర్సీపార్‌లోనే పుట్టాడు. తెలుగు అర్థమయ్యేది, కోపం మాత్రం హిందీలోనే వచ్చేది. ఎదుట సైకిలు కనిపిస్తే బ్రేకుకు బదులు హారన్ నొక్కేవాడు. అప్పటికే రెండుసార్లు హెచ్చరిక అందుకున్నాడు. మా రూలు ప్రకారం మూడోసారికి డ్రైవరు పాసు రద్దవుతుంది. పాసు రద్దయినవాణ్ణి ఆ చుట్టుపక్కల ఏ ట్రాన్స్‌పోర్టరూ స్టీరింగ్ ముట్టుకోనివ్వడు.

మూడోసారి మొదటి వానతోపాటే వచ్చింది. పొద్దున షిఫ్టు మారే వేళ, ముందు వెళ్తున్న టిప్పరును ఎడమవైపు నుంచి దాటబోయి, రోడ్డు వారగా సైకిలు మీద వస్తున్న పైడమ్మను మురికి కాలవలోకి పంపాడు. పైడమ్మ మా లోడింగ్ పాయింటు క్యాంటీన్లో వంటమనిషి. కుడి మణికట్టు విరిగింది.

ఎంక్వైరీ అంటే సేఠ్ గదిలో సేఠ్, నేను, గణేష్, కట్టుతో పైడమ్మ, నాలుగు టీలు.

"బండి తగల్లేదు సార్. కసమ్ సే. ఇరవై స్పీడే. ఆమే డరిపోయి పడింది," అన్నాడు గణేష్.

"తగిలుంటే నానిక్కడ టీ తాగుతానేటిరా?" అంది పైడమ్మ.

సేఠ్ నావైపు చూశాడు. టైరు మార్కు ఎంత ఉందని అడిగాడు. మార్కు లేదని చెప్పాను. బ్రేకు వేస్తేనే మార్కు పడుతుంది, వీడు వేయనే లేదు. సేఠ్‌కు నా లెక్కలంటే మొదటి నుంచీ సరదా. మార్కు సున్నా అయితే వేగం కూడా సున్నాయే కదా, బండి నిలబడి ఉంటే కాలవే వచ్చి ఈవిడ మీద పడిందన్నమాట అని హిందీలో అని తనే నవ్వుకున్నాడు. సూత్రం ప్రకారం ఆయన చెప్పింది తప్పు కాదు. నా సూత్రం బ్రేకు వేసేవాళ్ళ కోసం తయారైంది.

ఇక శిక్ష. పాసు రద్దు చేయడం సేఠ్‌కు ఇష్టం లేదు, వానాకాలంలో డ్రైవర్లు దొరకరు. జరిమానా వేద్దామన్నాడు. అది కుదరదన్నాను. మా డ్రైవర్లకు జీతం ట్రిప్పుల లెక్కన. జరిమానా వేస్తే దాన్ని రాబట్టుకోవడానికి ఇంకో నాలుగు ట్రిప్పులు కొడతాడు, అవీ ఇంకా జోరుగా. వారం రోజులు సస్పెండ్ చేద్దామన్నాడు సేఠ్. దానికి పైడమ్మ ఒప్పుకోలేదు.

"వారం ఇంట్లో తొంగుంటే అది శిక్షేటి బాబూ, సెలవు. వీడు సెలవెడతాడు, నాను పనికి రాలేకపోతాను. రేపటేల నుంచి నాను రాకపోతే క్యాంటీన్ కంట్రాక్టరు ఇంకోదాన్ని ఎట్టేస్తాడు. వొంట ఒంటిచేత్తో ఎలాగోలా సేస్తాను, కూరలు కోసిపెట్టడానికి క్యాంటీన్ కుర్రోళ్ళున్నారు. సైకిలు ఒంటిచేత్తో తొక్కడం నా వొల్ల కాదు. నన్నెవడు దింపుతాడు?"

ఆమె అడిగిన ప్రశ్నలోనే జవాబుంది. నేను దాన్ని ఆఫీసు భాషలో పెట్టానంతే. పాసు రద్దు ఆపుతాం. పైడమ్మ కట్టు విప్పేదాకా గణేష్ టిప్పరు ముట్టకూడదు. ఆమె సైకిలు మీదే, ఆమెను వెనక క్యారియరు మీద కూర్చోబెట్టుకుని, అదే రోడ్డులో, షిఫ్టు మారే వేళకే దింపి, మళ్ళీ తీసుకెళ్ళాలి. ఒక్కరోజు ఎగ్గొడితే పాసు ఉండదు.

"లేడీస్ సైకిల్ హై సార్. ముందు బుట్ట కూడా ఉంది," అన్నాడు గణేష్ దీనంగా.

"బుట్టలో నీ ఈరత్వం ఎట్టుకో," అంది పైడమ్మ.

మొదటిరోజు నేను స్కూటరు మీద వెనకాలే వెళ్ళాను. పర్యవేక్షణ అని రాసుకున్నాను గాని, నిజానికి చూడాలనిపించింది. టిప్పరు క్యాబిన్‌లో పులిలా కూర్చునేవాడు సీటు మీద మోకాళ్ళు గడ్డానికి తగిలేలా తొక్కుతున్నాడు. పైడమ్మ భారీ శరీరం గల మనిషి. వెనక కూర్చుని దారి పొడుగునా పాఠం చెబుతోంది.

"గుంట సూసుకోరా. రాకెట్టన్నారు, ఎడ్లబండి నయం. ఎనకాల హారనేస్తన్నాడు, పక్కకెళ్ళు."

"ఎక్కడికెళ్ళను అమ్మా? పక్కన నాలా ఉంది."

"అదే కదరా ఆవేళ నాననుకున్నది."

మా డ్రైవర్లు పక్కనుంచి పోతూ, "అరే రాకెట్ భయ్యా, ఖుర్సీపార్‌కి ఎంత తీసుకుంటావ్?" అని కేకలేసేవారు. నాలుగైదు రోజులకు వాళ్ళకు విసుగొచ్చింది. గణేష్‌కు మాత్రం ఒక కొత్త అలవాటు వచ్చింది. వెనక ఇంజను చప్పుడు వినబడగానే మెడ భుజాల్లోకి లాక్కునేవాడు. ఆ రోడ్డులో సైకిలు తొక్కేవాళ్ళందరికీ ఆ మెడ ఉంటుంది. టిప్పరు క్యాబిన్ ఎత్తు నుంచి చూస్తే అది కనబడదు.

కట్టు విప్పే రోజు దగ్గరపడుతుండగా, ఒక పొద్దున గణేష్ మోకాళ్ళదాకా బురదతో నా గదిలోకి వచ్చాడు. వెనకే పైడమ్మ. పడిపోకుండా ఆమె పట్టుకుని వేలాడిందట, వాడి చొక్కా కాలరు సగం ఊడి ఆమె చేతిలో ఉంది. వాడి స్నేహితుడు బంటీ టిప్పరుతో ఎడమవైపు నుంచి కోసుకుంటూ పోయాడు. గణేష్ కాలు బురదలో దింపి సైకిలు ఆపగలిగాడు, లేకపోతే ఇద్దరూ కాలవలోనే.

"ఎనభై మీద ఉన్నాడు సార్. వాడి పాసు జిందగీ భర్ బంద్ చేయండి. లైసెన్సు చింపేయండి. జైల్లో పెట్టాలి ఇలాంటోళ్ళని."

"మరి నీకేటి శిక్ష వేశార్రా?" అంది పైడమ్మ, కాలర్ ముక్క వాడి చేతికిస్తూ.

వాడు ఆ ముక్క జేబులో పెట్టుకున్నాడు.

బంటీని పిలిపించాను. ఇరవై స్పీడే సార్ అన్నాడు. వీడు చివర్లో బ్రేకు వేశాడు కాబట్టి మార్కు దొరికింది. కొలిచి కడితే యాభైకి కాస్త అటూ ఇటూ తేలింది. డ్రైవరు చెప్పిన వేగం, సైకిలువాడు చెప్పిన వేగం కలిపి సగం చేస్తే నిజానికి దగ్గరగా వస్తుందని ఆరోజు తెలిసింది. తర్వాత చాలా ఎంక్వైరీల్లో టేపు తీసేముందు ఈ లెక్క వేసుకున్నాను, పెద్దగా తేడా రాలేదు.

పైడమ్మ కట్టు విప్పారు. ఉద్యోగం నిలబడింది. గణేష్‌కు టిప్పరు తిరిగి ఇచ్చాం. ఆ రోడ్డులో వాడు బండి నడిపే తీరు చూసి సేఠ్ మురిసిపోయాడు. సైకిలు కనబడితే కోడిగుడ్లు మోస్తున్నవాడిలా వెనకే వచ్చేవాడు. మనిషి మారిపోయాడని సేఠ్ అందరికీ చెప్పాడు. నేనూ కొంత నమ్మాను.

ఆ నెల తిరక్కుండా, మా టిప్పర్లు తిరిగే ఇంకో రోడ్డు, మరోదా వైపు నుంచి ఫిర్యాదు వచ్చింది. కూరగాయల బండివాణ్ణి మా టిప్పరొకటి రోడ్డు దింపేసింది. బండి బోల్తా, టమాటాలన్నీ రోడ్డుపాలు. నంబరు చూస్తే గణేష్‌ది. పిలిచి, ఖుర్సీపార్‌లో అంత బుద్ధిగా నడిపేవాడివి, మరోదాలో ఏమైందని అడిగాను.

వాడు నిజాయితీగా ఆశ్చర్యపోయాడు. "అక్కడ నేనెప్పుడూ సైకిల్ తొక్కలేదు కదా సార్."

ఈసారి పాసు రద్దు చేయాల్సిందేనని నేను రాశాను. సేఠ్ వానలు వెలిసేదాకా ఆగమన్నాడు. చివరికి మధ్యలో తేలింది, మా టిప్పర్లు తిరిగే రోడ్లన్నీ వాడు సైకిలు మీద తిరగాలని. క్యారియరు మీద కూర్చోవడానికి పైడమ్మ ఒప్పుకోలేదు, చెయ్యి బాగుపడ్డాక తనకేం పనంది. సైకిలు మాత్రం ఇచ్చింది, రెండు టైర్లలో గాలి కొట్టించి తిరిగి ఇవ్వాలన్న షరతు మీద.

నడుం నొప్పితో నేను రిటైర్మెంటుకు ముందే ఉద్యోగం వదిలేదాకా తప్పు చేసిన ప్రతి డ్రైవరుకూ అదే పద్ధతి నడిచింది. నిర్లక్ష్యంగా నడిపినవాడికి వేసే శిక్ష ఏ రోడ్డు మీద వేస్తే ఆ రోడ్డు పొడవునే పనిచేస్తుంది. అందుకని శిక్ష వేసేముందు రూట్ మ్యాపు చూసుకోవాలి.