రెండు కిలోల కంగారు

గుండెకు బైపాస్ చేసి ఇంటికి పంపేటప్పుడు నర్సు రెండు మాటలు చెప్పింది. దగ్గు వచ్చినా, మంచం మీంచి లేస్తున్నా ఛాతీకి దిండు అదిమి పట్టుకోవాలి. రోజూ పొద్దున్నే బరువు చూసుకోవాలి, ఉన్నట్టుండి పెరిగితే ఒంట్లో నీరు చేరుతున్నట్టు, వెంటనే రావాలి.

మొదటి మాట నేను పట్టుకున్నాను, రెండోది మా ఆయన.

ఆయన రైల్వే ఆఫీసులో గుమాస్తా. నెల రోజులు సెలవు పెట్టి, రోజూ క్యాలెండర్ మీద నా బరువు రాసేవారు. అరవై ఒకటి. అరవై ఒకటి. వంద గ్రాములు తగ్గిన రోజు, చిక్కిపోతున్నానని ఒక ఇడ్లీ ఎక్కువ వేశారు. చేతులు పైకెత్తొద్దన్నారు కాబట్టి నా జడ కూడా ఆయనే అల్లేవారు. అది పార్సిల్‌కు కట్టిన తాడులా ఉండేది. అద్దం చూడటం మానేశాను.

కుట్లు ఎక్కడ విడిపోతాయోనని నేను ఒక్క క్షణం దిండు వదిలేదాన్ని కాదు. ఆస్పత్రిలో ఇచ్చిన చిన్న స్పాంజి దిండు అది. మూడో వారం అల్వాల్ నుంచి మా అత్తమ్మ చూడటానికి వచ్చింది.

"గిదేం దిండు బిడ్డా, బన్ను లెక్కున్నది" అని దాన్ని పక్కన పడేసి, తను దూది కూరి కుట్టి తెచ్చిన దిండు నా ఒళ్లో పెట్టింది. నిజంగానే హాయిగా ఉంది.

మర్నాడు పొద్దున బరువు చూసే మెషిన్ ఎక్కాను. ఆయన వంగి చూశారు. కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశారు.

"ఏమైందండీ?"

"ఏం కాలే. దిగి మళ్ల ఎక్కు."

ఎక్కాను. అరవై మూడు.

ఆయన చొక్కా తిరగేసి తొడుక్కుని రోడ్డు మీదికి పరిగెత్తారు. ఆటో ఎక్కగానే "అన్నా, జెర జల్ది పో" అన్నారు. స్పీడ్ బ్రేకర్ రాగానే "మెల్లగ అన్నా, ఆపరేషన్ అయింది" అన్నారు. తిరుమలగిరి దాటేసరికి డ్రైవరుకు విసుగొచ్చింది. "ఏదో ఒకటి చెప్పు సార్!"

ఆస్పత్రి మెషిన్ కూడా అరవై మూడే చూపించింది. డాక్టరు ఊపిరి విన్నాడు, చీలమండలు నొక్కి చూశాడు. వాపు లేదు, ఆయాసం లేదు. డాక్టరు బుర్ర గోక్కుంటుంటే నర్సు నావైపే చూస్తోంది.

"మేడం, ఆ దిండు జెర ఇట్లియ్యండి."

ఇచ్చాను. అరవై ఒకటి. తర్వాత దిండు ఒక్కదాన్నే మెషిన్ మీద పెట్టింది. సరిగ్గా రెండు కిలోలు.

"పేషెంట్ మంచిగున్నది. నీరు దిండుకు పట్టినట్టుంది" అని డాక్టరు నవ్వాడు. మా ఆయన మొహం చూసి, "డౌట్ వస్తే గిట్లనే రావాలె సార్, మంచిపని చేసిన్రు" అన్నాడు.

తిరిగి వస్తుంటే మా ఆయన ఒక చాయ్ హోటల్ ముందు ఆటో ఆపించారు. పొద్దుట్నుంచి మంచినీళ్లయినా తాగలేదట. నిలబడి రెండు చాయ్‌లు తాగారు. సగం సాసర్‌లోకే ఒలికింది. ఇన్ని రోజులూ నాకు ధైర్యం చెబుతూ తిరిగిన మనిషి ఎంత భయపడ్డారో అప్పుడు తెలిసింది.

"చొక్కా తిరగేసుకున్నారు" అన్నాను.

కిందికి చూసుకుని, "నువ్వు పొద్దుగాలనే చెప్పాలె గదా!" అని నా మీదే కోప్పడ్డారు.

నవ్వితే కుట్లు నొప్పి పెట్టాయి. అయినా నవ్వాను.