సన్యాసిరాజు చదవని రెండో కాగితం

సన్యాసిరాజు పోయి ఏడాదయింది. ఒక్కరైనా అడిగారా ఆయనెవరని? గాజువాక బస్టాండులో "రష్యా తాతా" అని వెక్కిరించడానికి నోళ్లు లేచాయి గానీ, ఆ రష్యా ఆయన్ని ఎలా తినేసిందో అడగడానికి ఒక్క నోరూ లేవలేదు. సిగ్గులేదూ! ఇప్పుడైనా చెవులు ఇటు పెట్టండి.

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజుల్లో రష్యా ఇంజనీర్ల మెస్సులో వడ్డించేవాడు సన్యాసిరాజు. క్యాబేజీ పులుసు పోస్తూ పోస్తూనే వాళ్ల భాష పట్టేశాడు. చదవడమూ రాయడమూ వచ్చేసింది. ఒక ముసలి ఇంజనీరు భోజనం దగ్గర కోర్టు కబుర్లు చెప్పేవాడు. జార్ల కాలంలో అక్కడి రైతులకు వేరే కోర్టట. ఆ తర్వాత మనుషుల తగాదాలకు ఒక గుమ్మం, సర్కారు ఫ్యాక్టరీల తగాదాలకు ఇంకో గుమ్మం. "గుమ్మం తప్పావా, కేసు చచ్చినట్టే" అనేవాడు. ఆ మాట సన్యాసిరాజు బుర్రలో మేకులా దిగిపోయింది.

ముప్పై ఏళ్లు గడిచాక సబ్బవరం నుంచి పైడితల్లి వచ్చింది. దూరపు చుట్టం, ఆమెకు ఆయన వరసకి మావ. ఆమె మొగుడు అర్జునరావు రష్యాలో ఓడలు బాగుచేసే కంపెనీలో వెల్డరుగా చేరి, నిచ్చెన విరిగి పడి చచ్చిపోయాడు. కంపెనీ మాత్రం తాగి పడ్డాడని రాసేసింది.

"మావా, ఆడికి సారా వాసనొత్తేనే వాంతొచ్చీది. డబ్బులొద్దు నాకు. ఆ తాగుబోతు మాట కొట్టేయించు. మా అత్త రోజూ దాంతోనే నన్ను పొడిసేత్తంది."

"ఏడవకే అమ్మీ, నానున్నాను కదేటి! ఆళ్ల భాషలోనే రాసి పడేత్తాను."

రాశాడు. కంపెనీ మీద కేసు కదా అని వ్యాపారుల తగాదాలు వినే కోర్టుకి పంపాడు. ఆ కోర్టు కేసు తీసుకుంది. కొన్నాళ్లకు రెండు కాగితాల ఉత్తరం వచ్చింది. మొదటి కాగితంలో 'ఇది మేం వినే కేసు కాదు' అని కనపడగానే ముసలి ఇంజనీరు మాటే గుర్తొచ్చింది. గుమ్మం తప్పింది, కేసు చచ్చింది. రెండో కాగితం చూడనే లేదు. మడిచి ట్రంకుపెట్టెలో పడేశాడు. ఆ తర్వాత వచ్చిన రెండు కవర్లనూ విప్పకుండానే అందులో కుక్కాడు.

"అయిపోనాది పైడీ. తప్పు నాదే."

"సర్లే మావా, నువ్వు మాత్రం ఏటి సేత్తావు?" అని చెంగుతో మొహం తుడుచుకుని బస్సెక్కింది ఆమె.

రెండేళ్ల తర్వాత పింఛను పనిమీద ద్వారకా నగర్‌లో లాయరు హిమబిందు దగ్గరికి వెళ్లి, వెంట తెచ్చిన ఆ రష్యా ఉత్తరాల కట్ట కూడా చూపించాడు. ఆమె కవర్లు విప్పి, అన్నీ ఫోనులో తెలుగులోకి మార్చి చదివి తలెత్తింది.

"తాతగారూ, రెండో కాగితం చూడలేదేంటండీ? రెండువేల పంతొమ్మిదిలో అక్కడ చట్టం మారింది. తీసుకున్న కేసు తమది కాకపోతే ఇప్పుడు చంపేయరు, సరైన కోర్టుకి వాళ్లే పంపుతారు. పంపారు కూడా. ఈ కవర్లు రెండూ ఆ కోర్టు వాయిదాలు. రాలేకపోతే రాసి పంపమన్నారు."

ఎవరూ రాలేదు, రాయలేదు. కేసు పక్కన పెట్టేశారు. మళ్లీ వేద్దామంటే ఈలోగా ఆ కంపెనీయే మూతపడి, సర్కారు రిజిస్టరులోంచి పేరు కొట్టేయించుకుంది.

అటునుంచి అటే సబ్బవరం వెళ్లాడు.

"అంటే ఆ కోరటు మనల్ని రెండుసార్లు పిలిసిందా మావా?"

"పిలిసిందే. నానే ఇప్పలేదు."

లోపల్నుంచి అత్తగారి గొంతు వచ్చింది. "ఎవులే అదీ? తాగుబోతోడి కోసం వొచ్చినారేటి?"

పైడితల్లి ఆయన మొహంలోకి చూసింది. ఆయన గుమ్మం దిగిపోయాడు.

అప్పట్నుంచే బస్టాండులో ఎవరి చేతిలో కాగితం కనపడినా వెంటపడేవాడు. "రెండోది సూడు బావా, రెండోది సూడు." మీరు పగలబడి నవ్వింది దానికే.

పోయేనాటికి ఆయన వయసు డెబ్బై ఒకటి.