తోడల్లుడి రెండు సీట్ల కారు

మొన్న కొత్తవలసలో గేటు పడింది. కిరండూల్ లైను మీద ఇనప రాయి మోసుకొచ్చే గూడ్సు ఎంత పొడుగుంటుందో ఆ దారిన తిరిగినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు కదా, ఆటోలో కూర్చుని పెట్టెలు లెక్కపెట్టుకుంటూ ఎక్కడో మధ్యలో మరిచిపోయి మళ్ళీ మొదలెట్టబోతుంటే, పక్కన ఒక ముసలి తెల్ల అంబాసిడర్ వచ్చి ఆగింది. ఈ రోజుల్లో గేటు పడితే అందరూ ఇంజను కట్టేస్తున్నారు. ఆ డ్రైవరు కట్టలేదు, కడితే మళ్ళీ అందుకుంటుందో లేదోనని భయం కాబోలు. గూడ్సు చప్పుడులో కూడా నా చెవి ఆ ఇంజను మీదే పడింది. రెండో సిలిండరు దగ్గర టాపెట్ వదులైంది, టికటికమంటోంది. చెవి అక్కడుంది గాని మనసు మాత్రం భోగాపురం పక్కన మా తోడల్లుడి పెరట్లోకి వెళ్ళిపోయింది. అక్కడ నేను చూపించిన బుద్ధి గుర్తొచ్చి, ఆటోలో నన్నెరిగినవాళ్ళు ఎవరూ లేకపోయినా తల దించుకున్నాను.

నేను విజయనగరం బస్సు డిపోలో మెకానిక్కుగా చేరి ఫోర్‌మనుగా రిటైరైనవాణ్ణి. మావాళ్ళంతా సముద్రం మీద వేటకి వెళ్ళి బతికినవాళ్ళే. నాకు మాత్రం పడవ ఎక్కితే కడుపులో తిప్పేది, అందుకని మా నాన్న విసిగిపోయి పట్నంలో ఒక కార్ల షెడ్డు మేస్త్రి దగ్గర నన్ను పనికి పెట్టాడు. మా ఆవిడ చెల్లెలి భర్త, అంటే మా తోడల్లుడు, ఊళ్ళోనే ఉండి చేపల వ్యాపారం చేసుకున్నాడు. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న, నన్ను నోరారా అన్నయ్యా అని పిలిచేవాడు. తోడల్లుళ్ళ మధ్య ఉండే పోటీ సంగతి మన వయసువాళ్ళకి నేను చెప్పాలా? అత్తారింటికి ఇద్దరం ఒకేసారి వెళ్తే అతని చేతికి వంజరం చేప వేలాడుతుండేది, నా చేతి గోళ్ళలో గ్రీజు ఉండేది. అత్తగారు కాళ్ళకు నీళ్ళచెంబు ముందు ఎవరికిచ్చేదో ఇప్పటికీ నాకు లెక్కే.

ఒక్క విషయంలో మాత్రం నేనే పెద్ద. ఆ ఇంట్లో నీళ్ళ మోటారు తిరక్కపోయినా, చేపల వ్యాను మధ్యదారిలో మొరాయించినా నాకే కబురొచ్చేది. అతనికి బోల్టు ఎటు తిప్పితే బిగుస్తుందో కూడా తెలీదు. ఆ ఒక్క గట్టు మీద నిలబడి ముప్ఫై ఏళ్ళు నా గౌరవం కాపాడుకున్నాను.

ఇక కారు సంగతి. నాకు పంతొమ్మిదేళ్ళున్నప్పుడు మా మేస్త్రి నన్ను వెంటబెట్టుకుని ఒక జూటు మిల్లు మేనేజరు బంగళాకి తీసుకెళ్ళాడు. అక్కడ చూశాను దాన్ని. ఇంగ్లండు నుంచి ఓడలో వచ్చిన బండి, రెండే సీట్లు, పైకప్పు లేదు, తడిసిన మామిడాకు రంగు, నేలకి ఆనుకుని పరిగెత్తడానికి ఒదిగి కూర్చున్న కుందేలులా ఉంది. మేస్త్రి ముందు మూత ఎత్తి రెండు కార్బొరేటర్లు సరిచేస్తుంటే, నన్ను సీట్లో కూర్చుని ఎక్సలేటరు తొక్కమన్నాడు. ఆ పావుగంటలో నేను చూసిన ప్రపంచం నా పెళ్ళినాడు కూడా చూడలేదంటే మా ఆవిడ కోప్పడుతుంది గాని, నిజం అదే. తిరిగొచ్చేటప్పుడు మేస్త్రి బీడీ వెలిగించుకుంటూ ఒక మాటన్నాడు: "ఆ ఇంజను సూసి బెదిరిపోకురా. అదీ మన అంబాసిడరూ అక్కసెల్లెళ్ళ పిల్లలు. లోపల సామానంతా ఒకటే." ఆ మాట నా దగ్గరే ఉండిపోయింది. ఆ కారూ నాదేనన్నట్టు ఉండిపోయింది. మేనేజర్లు మారారు, మిల్లు మూతపడింది, బండి వెనక షెడ్డులో గోనె బేళ్ళ కింద పడుందని విన్నాను. ఏనాటికైనా దాన్ని తెచ్చుకుని బాగుచేసుకుంటానని అనుకుంటూనే నలభై ఏళ్ళు బస్సులకి బ్రేకులు బిగించాను. ఒకసారి మరదలింట్లో పుట్టువెంట్రుకల వేడుకనాడు భోజనాలయ్యాక చాప మీద పడుకుని ఈ కథంతా తోడల్లుడికి చెప్పింది కూడా నేనే.

హుద్‌హుద్ తుఫానుకి ఆ బంగళా షెడ్డు కూలిపోయింది. మరుసటేడు బంగళా మొత్తం పడగొట్టిస్తూ అక్కడున్న ఇనప సామానంతా అమ్మేశారు. ఆ కబురు నాకు తెలియలేదు. ఆ వీధిలో చేపలు వేసే మా తోడల్లుడికి తెలిసింది.

ఒక ఆదివారం పొద్దున్నే ఫోను చేసి, అన్నయ్యా ఒకసారి వచ్చెళ్ళు, నీకొకటి సూపిస్తానన్నాడు. వెళ్ళేసరికి పెరట్లో రేకుల పందిరి కింద ఇటుకల మీద ఎత్తిపెట్టి ఉంది అది. చక్రాలు లేవు, నేల తుప్పుతిని జల్లెడైపోయింది, సీట్లలో ఎలకలు పిల్లల్ని పెట్టాయి. అయినా ఆ ముందుభాగం వంపు నేను చీకట్లో తడిమినా గుర్తుపట్టేవాణ్ణి. అతను నా మొహం చూస్తూ, "ఏటన్నయ్యా, అదేనా? నువ్వు సెప్పిన బండి అదేనా?" అని అడుగుతున్నాడు. ఆ కళ్ళలో ఉన్నది సంతోషం తప్ప వేరే కాదని ఇప్పుడు తెలుసు. ఆ రోజు నాకు కనబడింది మాత్రం నా ఇంట్లో దూరి నా పెట్టె తెరిచినవాడు. అదే అయ్యుంటుందిలే అన్నాను. టీ కూడా తాగకుండా వచ్చేశాను.

దగ్గర్లో విమానాశ్రయం వస్తుందన్న మాట అప్పుడే పుట్టింది, ఊరంతా భూముల గొడవలో పడితే అతను ఈ బండి గొడవలో పడ్డాడు. నన్ను ప్రతి ఆదివారం రమ్మనేవాడు. వెళ్ళకపోతే అసూయ బయటపడుతుందని వెళ్ళేవాణ్ణి, వెళ్ళి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని తప్పులు వెతికేవాణ్ణి. అతను ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్నాడు, ఉప్పు కాగితంతో వారాల తరబడి పాత రంగు గీకాడు, మొదటి నెలలో బోల్టు తలలు ఎన్ని విరిచాడో చెప్పలేను. విరిచిన ప్రతిసారీ నాకు లోపల చల్లగా ఉండేది. కానీ నేల రేకు దగ్గరికొచ్చేసరికి అతను చేసిన పని చూసి నాకు నిద్ర పట్టలేదు. రేకు దొరక్క, వెల్డింగు నిలవక, నాలుగు రోజులు ఆలోచించి, ఊళ్ళో ఫైబరు పడవలకి చిల్లులు పూడ్చేవాళ్ళని పిలిచి, పడవ అడుగు వేసినట్టు ఆ కారుకి నేల వేయించాడు. వెనక మడ్‌గార్డు కూడా అలాగే పోయించాడు. వేలితో కొట్టి చూశాను, రాయిలా ఉంది. సముద్రపు గాలికి తుప్పన్నమాటే లేదు. ముందు డాష్‌బోర్డుకి పాత పడవ చెక్క చిత్రికపట్టి బిగించాడు. నలభై ఏళ్ళ అనుభవంతో నాకు తట్టని ఉపాయం, పానా పట్టుకోవడం రాని అతనికి తట్టింది. ఆ సాయంత్రం బస్సులో వస్తూ, "బాగా వేయించాడు కదా," అని మా ఆవిడ అన్నందుకు ఆమె మీద ఊరికే విరుచుకుపడ్డాను.

తర్వాత ఇంజను మూత విప్పాడు. నాలుగు పిస్టన్లూ పట్టేశాయి, బేరింగులు పొడైపోయాయి. అతను నావైపు చూశాడు. నేను వంగి చూశాను. మా మేస్త్రి అబద్ధం చెప్పలేదు. ఆ సిలిండర్లు, ఆ స్టడ్ల వరస, ఆ రాకర్లు, అన్నీ నేను వందసార్లు చేత్తో విప్పిన అంబాసిడర్ ఇంజనే. ఒక్క మాట చెబితే సరిపోయేది. నిటారుగా లేచి చేతులు తుడుచుకుని, "ఇంగ్లండు బండి కదా తమ్ముడూ, దీనికి సామాను దొరకదు," అన్నాను.

నోట్లోంచి వచ్చేశాక వెనక్కి తీసుకోలేకపోయాను అని రాయాలనుంది గాని, అది నిజం కాదు. ప్రతి ఆదివారం తీసుకోవచ్చు. తీసుకోలేదు. అతను విశాఖపట్నం తిరిగాడు, కలకత్తా మనిషిని పంపాడు, ఎవరిచేతో ఇంగ్లండుకి ఉత్తరాలు రాయించాడు. ప్రతి వారం చిక్కిపోయిన మొహంతో, అన్నయ్యా దొరకలేదు అనేవాడు. నేను అయ్యో అనేవాణ్ణి. అలా ఏడు నెలలు కళ్ళలో నిప్పులు పోసుకుని అతని పక్కన కూర్చున్నాను, అతను పెట్టిన అన్నం తిన్నాను.

ఒక ఆదివారం వెళ్ళేసరికి పెరట్లో గ్యాసు కట్టరు పెట్టుకుని ఒక వెల్డరు ఉన్నాడు. పక్కన గొలుసుకి ఏదో పాత చేపల వ్యాను డీజిలు ఇంజను వేలాడుతోంది. కారు ముందు ఛాసిస్ మీద సుద్దతో గీత గీసి ఉంది. తోడల్లుడు నన్ను చూసి, "ఇంక లాభం లేదన్నయ్యా. ఇక్కడ మూరెడు కోసీస్తే ఈ డీజిలుది కూకుంటాది. గీత సరిగ్గున్నాదో లేదో నువ్వొకసారి సూడు," అన్నాడు.

కోస్తే ఆ బండి ఇంక ఆ బండి కాదు. ఆ ముందు వంపు పోతుంది, మూత పడదు, రోడ్డెక్కితే చేపల బండిలా దడదడలాడుతుంది. అది నాకు తెలుసు, అతనికి తెలీదు. నాకు దక్కనిది అతనికీ దక్కకుండా పోతుంది, పైగా ఆ పాపం నాది కాదు, అతని చేత్తో అతనే చేసుకుంటాడు. గీత సరిగ్గానే ఉంది అంటే చాలు. ఆ మాట గొంతుదాకా వచ్చిందని మీ దగ్గర దాచను. వెల్డరు మంట వెలిగించాడు, నీలం నాలుక సన్నగా చేశాడు, వంగాడు.

"ఆపు!" అన్నాను. "ఆపీమన్నానా! కొయ్యొద్దు."

"ఏటయ్యింది అన్నయ్యా?"

"అంబాసిడర్ పిస్టన్లు దీనికి సరిపోతాయి. బేరింగులూ అవే. మొత్తం సామాను విజయనగరంలో దొరుకుతాది."

వెల్డరు మంట ఆర్పేశాడు. "నీకు ఎప్పుడు తెలిసినాది?" అని తోడల్లుడు మెల్లగా అడిగాడు. ఇప్పుడే గుర్తొచ్చింది అంటే నమ్మేవాడు. ఎందుకో ఆ ఒక్క అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"నువ్వు మూత ఇప్పిన రోజే."

"అంటే ఏడు నెల్లు."

"ఏడు నెల్లు."

అతను సుద్ద గీతని అరచేత్తో తుడిచేశాడు. "అన్నానికి రా, పులుసు సల్లారిపోతాది," అని లోపలికి నడిచాడు. ఏమీ తెలియని మా మరదలు నా కంచంలో పెద్ద ముక్క వేసి, ఇంకా వడ్డిస్తూనే ఉంది. అతను తలెత్తకుండా తిన్నాడు. ఇంటికొచ్చి మా ఆవిడతో అంతా చెప్పేశాను. ఆమె అరవలేదు. "ఆడు నిన్ను అన్నయ్యా అన్నాడు గాని, నువ్వెప్పుడైనా ఆణ్ణి తమ్ముడనుకున్నావేటి?" అని మాత్రం అని, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మూడు వారాలు ఫోను లేదు. నాలుగో వారం మా గుమ్మం ముందు చేపల వ్యాను ఆగింది. నలుగురు మనుషులు ఆ ఇంజనుని గోనెల్లో చుట్టి మోసుకొచ్చి నా వరండాలో దించారు. డ్రైవరు చెప్పిన కబురు ఒక్కటే: "అన్నయ్యకి ఎలా తోస్తే అలా సేయమన్నారండి."

నన్ను తిట్టినా అంత సిగ్గుపడేవాణ్ణి కాదు. నాలుగు నెలలు ఆ వరండాలోనే దాన్ని విప్పి, కడిగి, కొలతలు తీసి, పాత సామాన్ల కొట్లో అంబాసిడర్ పిస్టన్లు ఏరి తెచ్చి, ఒక్కో బేరింగు వేలితో తడిమి బిగించాను. ఆదివారాలు ఇప్పుడు అతను మా ఇంటికి వచ్చేవాడు, స్టూలు మీద కూర్చుని వాషర్లు అందిస్తూ ఇదేటి అదేటి అని అడిగేవాడు. ఆ ఏడు నెలల మాట ఆ రోజు గాని ఆ తర్వాత గాని ఎత్తలేదు.

ఇంజను బిగించి, రంగేసి, మొదటిసారి తాళం తిప్పిననాడు ఊరు ఊరంతా వచ్చింది. మూడో తిప్పుకి అందుకుంది. ఆ గొంతు నేను పంతొమ్మిదేళ్ళప్పుడు విన్నదే. చేపల గంపలు దించిన ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "మావా, అంతా నువ్వే సేసినావేటి?" అని అడిగితే, "ఇంజను మా అన్నయ్య సేసినాడు. నాను రంగేసినాను, అంతే," అన్నాడు. చూశారా, దానికీ నాకు కడుపు మండింది. నేను ఏడు నెలలు అనలేని మాట, అతను అంతమందిలో ఒక్క ఊపిరిలో అనేశాడు. నువ్వు తోలన్నయ్యా అని తాళం నా చేతిలో పెట్టబోతే, నీ బండి నువ్వే తోలుకో అన్నాను. ఆ బింకం అలాగే సాగింది. చాలా ఏళ్ళు అతను తోలాడు, నేను ఎడమపక్క కూర్చున్నాను. అతను గేరు ఆలస్యంగా మార్చిన ప్రతిసారీ మోకాలి మీద నా చెయ్యి తనంతట తనే కదిలేది.

ఇప్పుడు ఆ దారులు వేరు. మేం అప్పుడు తిరిగిన సరుగుడు తోటల మధ్య రోడ్డు పోయి, విమానాశ్రయం వైపు వెడల్పాటి రోడ్డొచ్చింది, దాని మీద పోయే కార్లకి మూత ఎత్తితే పానా పెట్టడానికి చోటుండదు, కుర్రాళ్ళు వైరు గుచ్చి తెర మీద చూసి జబ్బు చెబుతున్నారు. నా మేస్త్రి నేర్పిన చెవితో ఎవరికీ పని లేదు. రెండేళ్ళ కిందట మా తోడల్లుడికి పక్షవాతం వచ్చి ఎడమకాలు పడిపోయింది, క్లచ్చి తొక్కలేడు. తాళం తనే మా ఇంటికి పంపాడు, ఈసారి నేను కాదనలేదు. ఆదివారాలు అతన్ని పట్టుకుని ఎడమసీట్లో కూర్చోబెట్టి, నేనే తోలుతున్నాను. నలభై ఏళ్ళు కోరుకున్న స్టీరింగు చేతిలో ఉంది, గేరు సరైన వేళకే పడుతోంది. అతని ఎడమకాలు ఉలకదు పలకదు. మొదటిరోజు మలుపు తిరుగుతూ పక్కకి చూశాను, ఒక్కసారైనా, ఒక్క రవ్వంతైనా నా మీద కడుపుమంట కనిపిస్తుందేమోనని. అతను కళ్ళు మూసుకుని, మొహానికి గాలి తగిలించుకుంటూ, బాగా తోల్తన్నావన్నయ్యా అన్నాడు.