కొక్కెం చేసినాయన

బస్సు రుద్రంగి దాటాక పక్కసీటాయన, దరఖాస్తులో ఒక పేరు కొట్టేయాలని నా పెన్ను తీసుకున్నాడు. కోరుట్ల దగ్గరపడుతున్నా కొట్టేయలేదు.

ఆయన సిరిసిల్లలో మరమగ్గాలు, అక్కడి మాటలో సాంచాలు, నడిపే కార్మికుడు. పోగు తెగిన వెంటనే మగ్గం ఆగిపోయేలా సైకిల్ పుల్లతో ఒక కొక్కెం చేసుకున్నాడు. మగ్గాలు చూడటానికి వచ్చిన విశ్వవిద్యాలయ పరిశోధకులకు అది నచ్చింది. దాన్ని మెరుగుపరిచి, సిరిసిల్లలోనే తయారుచేసే షెడ్డు పెడతామన్నారు. అందుకు దరఖాస్తు జగిత్యాలలోని వాళ్ల ఆఫీసులో ఇవ్వాలి. సరిగ్గా నింపానా చూడమని ఆయన నాకిచ్చాడు. ‘రూపొందించినవారు’ అన్నచోట వేరొకరి పేరుంది.

“ఈయనెవరు?”

“మా ఆసామి సార్. సాంచాలన్నీ ఆయనవే.”

“మరి కొక్కెం చేసింది?”

“నేనే. నేసేది నేను, గుడ్డ మీద పేరు ఆయనది. చేతికి గదే అలవాటైంది, గట్లనే రాసిన.”

“షెడ్డులో పని ఎవరికిస్తారట?”

“పేరున్నోనికే.” నవ్వాడు. “ఆసామికి పాన పట్టుడు సుత రాదు సార్.”

“అయితే కొట్టేయండి.”

“కొట్టేస్త. రేపటిసంది సాంచాల మీదికి రావద్దంటే?”

కోరుట్లలో దిగేసరికి జగిత్యాల బస్సు కదులుతుంటే పరుగెత్తి ఎక్కాడు. పెన్ను ఆయన చేతిలోనే ఉండిపోయింది.

మొన్న సిరిసిల్ల వెళ్లాను. షెడ్డు నడుస్తోంది, చాలా మగ్గాలకు ఆ కొక్కెం ఉంది. మొదట చేసిందెవరని అడిగితే యూనివర్సిటీవాళ్లేనన్నారు. ఆయన అక్కడ కనబడలేదు. ఆ కాగితం ఏ పేరుతో ఇచ్చాడో తెలియదు. ఆయన పేరు చెప్పి వాకబు చేద్దామంటే, ఆ రోజు బస్సులో నేను చదివింది ఆసామి పేరొక్కటే.