ఆరు లాటిన్ మాటల బుటాలు

ఆ రోజు పొద్దుటినుంచి పుట్టమ్మ మగ్గం మీద ఒక్క అంకె కూడా లెక్కపెట్టలేదు. ధర్మవరంలో పెళ్లయిన నాటినుంచీ పట్టుచీరలు నేస్తున్న మనిషికి అది మామూలు సంగతి కాదు. బుటాకూ బుటాకూ మధ్య ఆరు పదుల పోగులు పడాలి. పదికొకసారి ఆమె ఒకటి, రెండు అని పైకే అనుకుంటుంది. ఆ రోజు అంకెల చోట లాటిన్ వచ్చి కూచుంది.

కారణం మనవరాలు యామిని. లా చదువుతోంది. పోయినసారి వైవాలో నోరు పెగల్లేదు. మర్నాడు హిందూపురంలో మళ్లీ వైవా, తప్పితే ఏడాది పోతుంది. మొరాయిస్తున్న ఆరు మాటల్నీ అవ్వ మగ్గానికి కట్టేసింది. పక్కన కండెలు చుడుతూ యామిని ఒక్కో మాటా, దాని ఇంగ్లీషు అర్థమూ చెప్పాలి. చెప్పినప్పుడల్లా అవ్వ పది పోగులు నేస్తుంది; ఆరు మాటలూ అయితే ఒక బుటా.

"కేవియట్ ఎంప్టర్. లెట్ ద బయర్ బివేర్."

"అంటే ఏందే?"

"కొనేవాడే చూసుకోవల్ల అవ్వా."

"మన చీరలు కొనే శంకరప్పకు చెప్పాల్సిన మాట! ఇంగోటి చెప్పు."

"హేబియస్ కార్పస్. యూ షల్ హావ్ ద బాడీ. యాడున్నా మనిషిని తెచ్చి ఎదురుగా నిలబెట్టమని కోర్టు చెప్పేది."

పుట్టమ్మ వీధిలోకి కేకేసింది. "ఓ యప్పా! హేబియస్ కార్పస్! సంగటి చల్లారతాండాది!"

ఎదురు టీ అంగట్లో కూచున్న ఆమె భర్త హనుమంతు గ్లాసుతోనే లేచాడు. "నన్నేనా తిడతాండేది?"

అవ్వా మనవరాలూ పడీపడీ నవ్వారు. ఆ మాట వచ్చినప్పుడల్లా అదే కేక, అదే నవ్వు.

సాయంత్రం శంకరప్ప వచ్చి నేసినంత మేరా చేత్తో తడిమాడు. "ఏమక్కా, ఈడినుంచి బుటాలు ఒకదాని దగ్గరికొకటి జరుగుతాండాయే?"

"కేవియట్ ఎంప్టర్," అంది పుట్టమ్మ.

"అదేం రంగు అక్కా?"

యామిని మాత్రం నవ్వలేదు. వేళ్ల మీద మాటలు లెక్కపెట్టుకుంది. అయిదే వచ్చాయి. హేబియస్ కార్పస్ తరవాతి మాట ప్రతిసారీ నవ్వులో కొట్టుకుపోయింది, దాంతోపాటు పది పోగులూ పోయాయి. ఆ మాటేదో గుర్తొచ్చేసరికి చేతిలో కండె జారిపడింది.

"రెస్ ఇప్సా లోక్విటర్! ద థింగ్ స్పీక్స్ ఫర్ ఇట్సెల్ఫ్! సాక్షితో పన్లేదవ్వా, వస్తువే చెప్తాది!"

"చెప్పింది గదే, బుటా!" అంది పుట్టమ్మ. "నువ్వట్ల జరుగు శంకరప్పా, జానెడు విప్పాల."

"ఈ తూరి అంకెలే చెప్పుకోక్కా," అని దండం పెట్టి పోయాడు శంకరప్ప.

మర్నాడు హిందూపురంలో అడిగిన మూడో ప్రశ్న రెస్ ఇప్సా లోక్విటరే. యామిని ముందు కిసుక్కున నవ్వింది, తరవాత అర్థం చెప్పింది, ఉదాహరణకు బుటాల సంగతి చెప్పింది. ఇరవైకి పదిహేడు మార్కులు.