పెదనాయన పర్ణశాల

పోయిన ఆదివారం కడపలో మా చర్చికి బయటూరి నుంచి ఒక ప్రసంగీకుడు వచ్చాడు. యూదుల పండుగలు ఎలా పుట్టాయో, అవి క్రైస్తవులకు ఏం చెబుతాయో గోడకు తెర కట్టి బొమ్మలు వేసి చూపించాడు. వయసు తక్కువే, బాగా చదువుకున్నవాడు. పర్ణశాలల పండుగ దగ్గరికొచ్చేసరికి, "మీలో ఎవరైనా పర్ణశాల చూశారా?" అని అడిగాడు. ఇశ్రాయేలు దేశం చూసొచ్చినవాళ్లు ఉంటారేమోనని అతని ఉద్దేశం. అందరూ నవ్వి ఊరుకున్నారు. రెండో వరుసలో కూర్చున్న నేను మాత్రం చూసినదాన్నే. చూడడమేమిటి, చిన్నతనమంతా ఏటా ఏడు రోజులు అందులో కూర్చునే అన్నం తిన్నాను. అయినా చెయ్యెత్తలేదు. చూశానంటే, అది తర్వాత ఏమైందని అడుగుతారు.

మా పెదనాయన కోయిలకుంట్ల దగ్గర ఒక పల్లెలో ఉపదేశి. పెద్ద అయ్యగారు నెలకొకసారి వచ్చి ప్రభు భోజన సంస్కారమిచ్చి పోతే, మిగతా రోజులన్నీ ఆ చిన్న ప్రార్థన మందిరానికి ఆయనే దిక్కు. వాక్యం చెప్పేదీ ఆయనే, గంట కొట్టేదీ ఆయనే, గంట తాడు తెగితే ముడి వేసేదీ ఆయనే. నేను రెండో తరగతిలో ఉండగా మా నాయన జ్వరంతో పోతే, అమ్మనూ నన్నూ తన ఇంటికి తెచ్చుకున్నాడు. ఆయనకు పిల్లలు లేరు. నేను చీర కట్టుకుని బడిలో పాఠాలు చెప్పే రోజుల్లో కూడా నన్ను "పాపా" అనే పిలిచేవాడు. రిటైరై పోతూ ఒక అయ్యగారు ఇచ్చిన అట్టలేని పుస్తకం ఒకటి ఆయన పెట్టెలో ఉండేది. యూదుల ఆచారాలన్నీ అందులో ఉన్నాయి. దాన్ని చదివీ చదివీ, ఒక ఏడు ఇంటి ముందర నాలుగు గుంజలు పాతి, ఈతమట్టలూ వేపకొమ్మలూ కానుగ కొమ్మలూ కప్పి గుడిసె వేశాడు. అప్పటి నుంచి ప్రతి ఏడూ వేశాడు.

ఆ పండుగ పున్నమి నాడు మొదలవుతుంది. పున్నమి ఎప్పుడో తెలుసుకోవడానికి దసరా పోగానే పక్క వీధి రెడ్డిగారింటికి పోయేవాడు. ఈతమట్టలు కూడా వాళ్ల తోటలోవే. "ఏమప్పా ఉపదేశీ, మీ దేవునికి గూడా మా పంచాంగమే గతా?" అని ఆయన నవ్వేవాడు. "సందమామ ఒకటే గదప్పా" అని పెదనాయన కూడా నవ్వి, మట్టలు భుజానేసుకుని వచ్చేవాడు. సంఘంలో కొందరికి మాత్రం ఇది నచ్చేది కాదు. యూదుల పండుగ మనకెందుకని మొహం మీదే అడిగేవాళ్లు. వాళ్లను గుడిసెలో కూర్చోబెట్టి, చేతికి కొర్రన్నం పళ్లెమిచ్చి, అప్పుడు చెప్పేవాడు.

"ఐగుప్తులో వాండ్లు ఎట్టిసాకిరి సేసినోళ్లు. మనమాదిరే. ఆడ నించి బయటపడి నలభై ఏండ్లు ఎడారిలో గుడిసెల్లో బతికినారు. తర్వాత మంచి భూమి వచ్చె, పంటలొచ్చె, మిద్దెలొచ్చె. మిద్దె వచ్చినాక మనిషి గుడిసెను మర్సిపోతాడని దేవునికి తెలుసు. అందుకే పంట ఇంటికొచ్చినాక ఏడు దినాలు గుడిసెలో ఉండమన్న్యాడు. పైకి సూస్తే ఆకాశం కనపడాల. కప్పు గట్టిదని ధైర్యం రాకూడదు."

"అయితే మనకేమప్పా?" అని ఎవరో ఒకరు విడవకుండా అడిగేవాళ్లు.

"మనకేమంటావా? దేవుడు మన మధ్యకొచ్చి ఒళ్లనే గుడిసె మాదిరి ఏసుకొని ముప్పై మూడేండ్లు ఉండి పోయినాడు గదప్పా. అంతకన్నా ఏం గావాల?"

పండుగ చివరి రోజు కుందూ నది నుంచి కడవతో నీళ్లు తెచ్చి, ప్రార్థన చేసి, వాకిట్లో నేల మీద పోసేవాడు. వానల కోసం పూర్వం యెరూషలేము గుడిలో అలా పోసేవాళ్లట. కరువు ఏడు కూడా మానలేదు. ఆ ఏడు కుందూ ఇసకలో చెలమ తవ్వి, కడవ నిండేదాకా కూర్చుని తెచ్చాడు. మా పెద్దమ్మకు ఒళ్లు మండిపోయింది. "తాగేకి సుక్క నీళ్లు ల్యాక సస్తాంటే నేల పాలు సేస్తావా? నీకేమన్నా మతి ఉండాదా?" అంది. ఆయన నిదానంగా, "ఆ దినమే యేసయ్య నిలబడి, దప్పిక అయినోళ్లు నా కాడికి రాండి అని కేకేసినాడు. దప్పికంటే ఏందో మనకన్నా బాగా ఎవరికి తెలుసు?" అన్నాడు. పెద్దమ్మ విసురుగా లోపలికి పోయింది. కానీ వాకిట్లో తడిసిన మేర తొక్కకుండా పక్కగా నడవడం నేను చూశాను.

తర్వాత మా పేటకు సర్కారు కట్టించిన కాలనీ ఇళ్లు వచ్చాయి. రెండు గదులు, సిమెంటు కప్పు. అందరూ పాత గుడిసెలు పీకి పొయ్యిలో పెట్టుకున్నారు. పెదనాయన మాత్రం కొత్త ఇంటి ముందర కూడా ఏటా ఏడు రోజులు గుడిసె వేశాడు. అప్పటికి నాకు ఉద్యోగం వచ్చింది. బడిలో తోటి టీచర్లు "మీ ఇల్లు ఎక్కడ?" అని అడిగితే, కాలనీలో అని చెప్పకుండా, మాది సిమెంటు ఇల్లు అని మాట తప్పించేదాన్ని.

ఆ ఏడు పండుగ నాలుగో రోజున నాకు పెళ్లిచూపులు కుదిరాయి. పెళ్లికొడుకు మైదుకూరులో టీచరు, వాళ్ల ఇల్లు కడపలో. ముందు రోజు సాయంత్రం పెదనాయన గుడిసెలో కూర్చుని చదువుకుంటుంటే పోయి నిలబడ్డాను.

"పెదనాయనా, ఈ గుడిసె పీకేద్దామా?"

"ఎందుకు పాపా? ఇంకా నాలుగు దినాలు ఉండాది గదా."

"రేపు వాండ్లొస్తే, ఇంకా గుడిసెలోనే బతుకుతాండామనుకుంటారు."

"అనుకుంటే ఏమైతాది? సెప్తాం, ఇట్ల పండగని."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. "ఇది యూదుల పండగ. మనది కాదు. నీ పిచ్చికి నా పెండ్లి సెడిపోవల్నా?" అన్నాను. ఊళ్లో ఎంతోమంది ఆ మాటే అన్నారు, ఆయన నవ్వుతూ బదులు చెప్పాడు. నా మాటకు మాత్రం పుస్తకం మూసి లోపల పెట్టి, కొడవలి తెచ్చి కట్లు తానే కోశాడు. గుంజలు పెరికి, గుంతలు మట్టితో పూడ్చి కాలితో తొక్కాడు. నేను గడపలో నిలబడి చూస్తూ, కనీసం మట్టలు కూడా అందుకోలేదు.

మరునాడు వాళ్లు వచ్చారు. పెదనాయన ఉతికిన పంచె కట్టుకుని నిండుగా మాట్లాడాడు. మా అత్త కాబోయే ఆవిడ వాకిట్లోకి వచ్చి అటూ ఇటూ చూసి, పూడ్చిన గుంతలు గమనించి, "ఈడ ఏదో పందిరి ఏసినట్లుంది గదన్నా?" అని అడిగింది. పెదనాయన ఒక్క క్షణం నా వైపు చూశాడు. "ల్యాదమ్మా, మేకపిల్లలకు దొడ్డి కట్టింటిమి" అన్నాడు. ఆయన నోట నేను విన్న అబద్ధం అదొక్కటే.

పెళ్లయింది. మరుసటి ఏడు ఆయన గుడిసె వేయలేదని అమ్మ చెప్పింది. వయసైపోయింది కదా అనుకున్నాను, అలా అనుకోవడం సులువు కాబట్టి. ఒకరోజు మా అత్త, నేనూ శనక్కాయలు ఒలుస్తుంటే ఆమె అంది: "మీ పెదనాయన పర్ణశాల ఏస్తాడని మా అన్న సెప్పినాడు. అది సూడాలనే ఆ వారంలో వస్తామని పట్టుబట్టినా. మీరు ఏసినట్టే ల్యాదే! మాయమ్మ నన్ను కన్నది సేను గట్టున కొట్టంలోనే." నేను ఒలిచిన గింజల్లో తొక్కులు ఏరుతూ ఉండిపోయాను.

ఆ మాట ఆయనకు చెప్పడానికి నాకు మూడేళ్లు పట్టింది. ఒక వేసవి సెలవుల్లో పోయి, అంతా చెప్పి, తప్పయిందన్నాను. 

"గుడిసె పీకినందుకు నాకేం బాధ ల్యాదు పాపా. చిన్నదానివి, సిగ్గుపడినావు. నేనే పెద్దోణ్ని, అబద్ధమాడినా. ఆ నోటితో అందులో కూసొని వాక్యం ఎట్ల సెప్పాల? అందుకే ఎయ్యల్యా."

"ఈసారి నేనొస్తా. ఇద్దరం కలిసి ఏద్దాం" అన్నాను.

ఆయన మొహం వెలిగింది. "మట్టలు నేను తెస్తా, నువ్వు పున్నమికి ముందే రా" అన్నాడు.

నేను పోలేదు. బిడ్డకు ఒళ్లు బాగాలేదు, బడిలో తనిఖీ, బస్సుల్లో రద్దీ. ఇలా మూడు కారణాలతో జాబు రాశాను. ఆయన ఈతమట్టలు తెచ్చి, మూడు రోజులు నీళ్లు చల్లి పచ్చగా ఉంచాడని, తర్వాత అవి ఎండిపోతే పెద్దమ్మ పొయ్యిలో పెట్టిందని అమ్మ చెప్పింది. ఆ సంక్రాంతి దాటక ముందే ఆయన పోయాడు.

గుడిసె సంగతి వచ్చే ఏడు చూద్దాంలే అని నేను ఎన్నిసార్లు అనుకున్నానో లెక్కలేదు. వచ్చే ఏడు ప్రతిసారీ వచ్చింది, ఎవరి కోసమూ ఆగకుండా.